గేటు కాడి డప్పు

'కుటుంబ సమేతంగా రండి' అని పిలిచే కళా ఉత్సవాలు ఈ పదేండ్లలో మన పట్టణాల్లో బాగా పెరిగినయి. మునిసిపాలిటీ చేసేది ఒకటి, జిల్లా అధికారులు చేసేది ఒకటి, కాలేజీల వార్షికోత్సవాలు, కాలనీ సంఘాల సంక్రాంతి సంబరాలు. పేర్లు వేరైనా తీరు ఒక్కటే. పిల్లలకు బొమ్మలు గీసే పోటీ, ఆడవాళ్ళకు ముగ్గుల పోటీ, సర్వపిండి, మిర్చిబజ్జీల దుకాణాలు, స్టేజీ మీద కూచిపూడి, పేరిణి, కోలాటం, ఆఖరుకు సినిమా పాట. ఇవన్నీ మొదలుకాక ముందు గేటు కాడ డప్పు. ఈ వ్యాసంలో నేను మాట్లాడదలుచుకున్నది స్టేజీ గురించి కాదు, ఆ గేటు గురించి.

మన మిత్రుల్లో కొందరు దీన్ని విజయం కింద లెక్కగడుతున్నరు. "ఊళ్ళెకు రానియ్యని డప్పు ఇయ్యాల కలెక్టరు ముందట మోగుతుంది, ఇంకేం కావాలె?" అంటున్నరు. ఈ మాటలోనే పొరపాటు ఉన్నది. డప్పును ఊరు ఎన్నడూ బయట పెట్టలేదు. పెండ్లికి, జాతరకు, సావుకు, సాటింపుకు డప్పు లేకుండ ఊరికి గడిచింది లేదు. ఊరు బయట పెట్టింది డప్పు కొట్టే మనిషిని. కొట్టినంతసేపు ముందట నడిపించింది, కొట్టుడు ఆపంగనే దూరం నిలబెట్టింది. కాబట్టి డప్పు లోపలికి వచ్చిందా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదు. కొట్టుడు ఆగినంక ఆ మనిషి ఎక్కడ కూసుంటడు, ఎవరితోని తింటడు, ఆయన ఇంటి పిల్లలు ఏ వరుసలో కూసుండి చూస్తరు? ఒక ఉత్సవాన్ని అంచనా వేయవలసింది ఇక్కడి నుంచి.

మూడేండ్ల కింద మా పెద్దనాయన జట్టును ఒక పట్టణ ఉత్సవానికి పిలిచిండ్రు. పన్నెండు మంది. నేనూ వెంట పోయిన, పరిశోధన పేరు మీద. పెద్దనాయన మనుమరాలు, తొమ్మిదేండ్ల పిల్ల, తాత స్టేజీ ఎక్కుతడని కొత్త గౌను వేసుకొని వచ్చింది. నాలుగు గంటలకే రమ్మన్నరు. అతిథి వచ్చేసరికి ఏడు దాటింది. అప్పటిదాకా నిలబడే ఉన్నరు. కారు ఆగిన కాడి నుంచి స్టేజీ మెట్ల దాకా కొట్టుకుంట నడిచిండ్రు. మెట్ల కాడ మైకులో "జానపద కళాకారులకు ధన్యవాదాలు" అన్నరు. షామియానా వెనక అన్నం పొట్లాలు ఇచ్చిండ్రు. స్టేజీ మీద దీపం వెలిగించుడు, ప్రార్థనా గీతం, కూచిపూడి మొదలైనయి. ఆ పిల్ల నన్ను రెండుసార్లు అడిగింది, "తాత స్టేజీ ఎప్పుడెక్కుతడు?" అని. పొట్లం విప్పుకుంట పెద్దనాయనే చెప్పిండు, "మన పని అయిపోయింది బిడ్డా."

'మన పని' అన్నడు. 'మన కళ' అనలేదు. అరవై దాటిన మనిషికి తేడా తెలుసు. ఆయన చిన్నప్పటి నుంచి చూసిన పెండ్లి ఊరేగింపుకూ దీనికీ ఆయనకు తేడా కనబడలేదు. ఊరేగింపుల డప్పు ముందు నడుస్తది. పందిరి రాంగనే డప్పు ఆగుతది, మంగలోళ్ళ సన్నాయి లోపలికి పోతది. ఇక్కడ పందిరికి బదులు స్టేజీ, పెండ్లికొడుకుకు బదులు ముఖ్య అతిథి. చాకిరి పేరు మారి స్వాగతం అయింది. మనిషి నిలబడే జాగ మాత్రం గజం కూడా జరగలేదు.

కళ సంగతి కూడా చూద్దాం, ఎందుకంటే 'కళను గౌరవిస్తున్నం' అన్నది వాళ్ళ వాదనే గదా. డప్పు వట్టి చప్పుడు కాదు. మేకతోలు, కొయ్య వలయం, కుడిచేతిల చిర్ర, ఎడమచేతిల సిటికెన పుల్ల, తోలు బిగిసెటందుకు గడ్డి మంట. వాడల పుట్టినోళ్ళకు చీకట్ల పండుకొని వింటే తెలుస్తది అది సావు దరువా, జాతర దరువా, పెండ్లిదా, సాటింపా అని. ఒక దరువుల నుంచి ఇంకో దరువులకు పోయే మలుపు ఉంటది. ఒకడు ఎత్తుకుంటడు, మిగిలినోళ్ళు అందుకుంటరు, కాళ్ళు దానికి జవాబు చెప్తయి. ఇదంతా వినాలంటే ఎదురుగ కూసుండాలె, టైమియ్యాలె. గేటు కాడ ఇవేవీ కుదరవు. "ఆపకుండ్రి, స్పీడుగ కొట్టుండ్రి" అన్నది ఒక్కటే ఆర్డరు. అన్ని దరువులూ పోయి ఒక్క తీన్మారు మిగులుతది. ఆ ఉత్సవానికి వచ్చిన పిల్లలు ఇంటికిపోయి డప్పు అంటే కారు వచ్చినప్పుడు కొట్టేదని అనుకుంటే తప్పు పిల్లలది కాదు.

ఫైబర్ డప్పుల మీద కూడా ఈమధ్య కొందరు పండితులు బాధపడుతున్నరు, అసలు తోలు నాదం పోతున్నదని. నిజమే, నాదం పోతది. కాని ఉత్సవ మైదానంలో మంట పెట్టుకోనియ్యరు, మంచుకు తోలు మెత్తబడితే మోగదు. నట్లు బిగిస్తే మోగేది తెచ్చుకోక ఏంజేస్తరు? పైగా తోలు ఒలిచేది, నానబెట్టేది, ఆ వాసన భరించేది ఈ బాధపడేవాళ్ళు కాదు.

'కుటుంబ సమేతంగా' అన్న మాట దగ్గర కొంచెం ఆగాలె. ఏ కుటుంబం? మన కళారంగంలో ఈ మాటకు ఒక చరిత్ర ఉన్నది. నాట్యాన్ని తరతరాలుగా బతికించిన కళావంతుల ఆడవాళ్ళను 'మర్యాద' పేరు మీద వేదికల మీది నుంచి దించేసిండ్రు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. గుడికి అంకితం చేసుడు ఆగాల్సిందే, దాన్ని వెనకేసుకొచ్చేది లేదు. అయితే వాళ్ళ విద్య ఏమైంది? వాళ్ళ చేతుల నుంచి జారిపోయింది. భాగవతుల మగవాళ్ళ కూచిపూడి మాత్రం పట్టణాలకు వచ్చి, పెద్దింటి ఆడపిల్లలు నేర్చుకోదగిన శాస్త్రీయ నాట్యం అయి కూసుంది. అంటే 'కుటుంబాలు చూడదగిన' వేదిక తయారుకావాలంటే కొన్ని కుటుంబాలు దిగిపోవాలె. ఇవ్వాళ సంగీత నృత్య కళాశాలలో కూచిపూడికి, వీణకు, మృదంగానికి సర్టిఫికెట్లు ఉన్నయి, డిప్లొమాలు ఉన్నయి. పిల్ల మెట్టు మెట్టు ఎక్కి గురువు కావచ్చు, ఫీజు తీసుకొని నేర్పొచ్చు. వాడల డప్పుకు గురువు ఇంట్ల తాతనే. ఆయనకు ఫీజు లేదు, ఆయన నేర్పిందానికి కాయితం లేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక పింఛన్ల జాబితాలో డప్పు కళాకారులు ఒక వర్గంగ ఉన్నరు, 2024లో ఆ పింఛను 3,000 నుంచి 4,000 రూపాయలైంది. ముసలితనంలో ఆ డబ్బు విలువ ఏందో మా ఇండ్లల్ల చెప్పనక్కర లేదు. అయితే అది యాభై ఏండ్లు నిండినోళ్ళకు. ప్రభుత్వం డప్పును చూసే చూపు ఇందులో తెలుస్తున్నది: అరిగిపోతున్న వృత్తి, ఆఖరి మనుషులు, వాళ్ళను సాగనంపుదాం. గౌను వేసుకొని వచ్చిన తొమ్మిదేండ్ల పిల్ల ఆ చూపులో లేదు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. ఇక్కడ సంగతి ఇంకా చిక్కగ ఉన్నది.

కారంచేడు (1985 జూలై 17), చుండూరు (1991 ఆగస్టు 6) తర్వాత చాలా ఊర్లల్ల చదువుకున్న పిల్లలు సావు డప్పు కొట్టొద్దని తీర్మానం చేసుకున్నరు. మా ఊరికి ఆ గాలి కొంచెం ఆలస్యంగ వచ్చింది. నేనప్పుడు చిన్న పిలగాన్ని. పెద్దనాయన డప్పును అటక మీద పెట్టిండు. ఊరు ఊకోలేదు, ఒక కాలమంతా మా వాడోళ్ళను కూలికి పిలవలేదు. మా అమ్మ పొరుగూరికి నాట్లకు పోయేది. ఆ తీర్మానం వెనక ఎంత ఆకలి ఉన్నదో తెల్వనోళ్ళు ఇవ్వాళ 'అయ్యో, ఎంత గొప్ప కళను వదులుకున్నరు' అంటే నాకు కోపమొస్తది. వాళ్ళు వదులుకున్నది కళను కాదు, పిలవంగనే పోవాల్సిన కట్టుబాటును. రెండూ ఒకే తోలుకు అతుక్కొని ఉన్నయి కాబట్టి రెండూ కలిసి అటకెక్కినయి.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం ఈ ముడిని ఇంకో తీరుగ విప్పింది. దాని పేరే దండోరా. ఊరి పెద్దల మాటను వాడవాడకూ సాటింపు వేసి చెప్పినోడు మొదటిసారి తన మాటను తనే సాటింపు వేసిండు. అదే డప్పు, అదే దరువు, కొట్టేది అవే చేతులు. మారింది మాట, ఆ మాట ఎవరిదన్నది. అటక మీది డప్పు మా పెద్దనాయన చేతికి మళ్ళ వచ్చింది అప్పుడే. వర్గీకరణ మీద మాల మిత్రులకూ మాదిగ మిత్రులకూ నడిచిన వాదం ఇక్కడ నా విషయం కాదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణకు ఒప్పుకున్నది, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో చట్టం అమలుకు వచ్చింది. ఆ ముప్పై ఏండ్ల పోరాటంలో డప్పు వాయిద్యం మాత్రమే కాదు, వాదన కూడా. కళా విమర్శకులు ఈ సంగతిని ఎందుకు పట్టించుకోలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. గత శతాబ్దం చివర తెలుగు నేల మీద ఒక వాయిద్యానికి ఇంత పెద్ద అర్థం మారడం ఇంకొకటి చూపించమనండి.

దీనికి ముందు ప్రజానాట్యమండలి (1943), జననాట్యమండలి (1972) మన పాటను, మన చిందును, మన డప్పును వేల మంది ముందుకు తెచ్చినయి. ఆ రుణం ఒప్పుకోవాల్సిందే. కాని చాలాసార్లు బాణీ వాడది, మాట పార్టీది అయింది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం కూడా వాడల గొంతుల మీదనే నిలబడింది. రాష్ట్రం వచ్చినంక 2014లో సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు ఉద్యోగాలు ఇచ్చిండ్రు. పేదింటి కళాకారునికి నెల జీతం అన్నది ఎగతాళి చేసే విషయం కాదు, నేను చేయను. అయితే ఆ జీతానికి వాళ్ళు చేసే పని ఏంది? ఊరూరా తిరిగి ప్రభుత్వ పథకాల గురించి పాడుడు. అంటే సాటింపే. ఒకప్పుడు పటేలు మాట, ఇప్పుడు సర్కారు మాట. నిన్నటిదాకా దొరలను నిలదీసిన గొంతు నెల జీతానికి ఏ పాట పాడొద్దో నేర్చుకుంటున్నది.

మరి కుటుంబాలూ పిల్లలూ కలిసి జరుపుకునే ఉత్సవం మనకు లేదా? ఉన్నది. ఏప్రిల్ 14. పరిశోధకులు అంబేద్కర్ జయంతిని రాజకీయ కార్యక్రమంగనే రాస్తున్నరు, కాని వాడల అది పండుగ. నా చిన్నప్పుడు రెండు ట్రాక్టరు ట్రాలీలు జోడిస్తే స్టేజీ. ఎవరి ఇంటి చెద్దరు వాళ్ళు పరుచుకొని కూసునేది. వంట అందరిదీ. పదో తరగతి పాసైనోని పేరు మైకుల చదివేది, వాని తల్లిని కూడ స్టేజీ మీదికి పిలిచేది. నేను మొట్టమొదటిసారి మైకు పట్టుకున్నది ఆ ట్రాలీ మీదనే. నోరు పెగలలేదు, అయినా చప్పట్లు కొట్టిండ్రు. రాత్రికి చిందోళ్ళ ఆట. ఆ మైదానానికి గేటు లేదు.

చిందు గురించి రెండు మాటలు చెప్పాలె. చిందు భాగోతం కుటుంబం చూసే కళే కాదు, కుటుంబం ఆడే కళ. భార్య, భర్త, కొడుకు, కోడలు అందరూ వేషం కడతరు. పసిపిల్ల తెర వెనక జోలెల పండుకొని పద్యం వింట పెరుగుతది. ఆడవాళ్ళు స్టేజీ ఎక్కొచ్చా అని పట్టణాల పెద్దమనుషులు వాదించుకుంటున్న కాలంలోనే చిందుల ఎల్లమ్మ ఆడ వేషాలూ మగ వేషాలూ రెండూ కట్టింది. 2005లో చనిపోయేదాకా ఆమె పేరే చిందుకు గుర్తు. 2024లో గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది, సంతోషం. కాని పద్మశ్రీ ఒక మనిషికి వస్తది, చిందు మేళంగా బతుకుతది. మిరాశి ఊర్లు ఇచ్చే గింజలు ఆగిపోయినంక ఆ మేళంలో పిల్లలు ఏం తిని నేర్చుకోవాలె అన్నది బిరుదుతోని తీరే సంగతి కాదు.

అయితే మన ఏప్రిల్ 14 కూడ ఇప్పుడు అట్ల లేదు. ట్రాలీల జాగల డీజే పెట్టెలు వచ్చినయి. విగ్రహం కంటే ఫ్లెక్సీలు ఎత్తుగ ఉంటున్నయి. ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటో ఏ సైజుల ఉండాలన్న కాడ పోయినేడు మా వాడల కొట్లాట అయింది. పిల్లల క్విజ్ ఆరు గంటలకు పెట్టి, నాయకుడు రాలేదని తొమ్మిదిదాకా ఆపిండ్రు, అప్పటికి చిన్నపిల్లలు తల్లుల ఒళ్ళె నిద్రపోయిండ్రు. ఆడవాళ్ళు పొద్దటి నుంచి వండి, ఆఖరున తిని, గిన్నెలు కడుగుకుంట ఉపన్యాసాలు విన్నరు. ఇంక డప్పు? రోడ్డు మీద నాయకుని కారు ఆగిన కాడి నుంచి విగ్రహం దాకా. మా పెద్దనాయన జట్టే. అంటే గేటును మనమే తెచ్చి వాడ మొగదల పెట్టుకున్నం.

ఇంకో గేటు ఉన్నది, దాని గురించి మనం అసలు మాట్లాడం. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలోళ్ళు మాదిగవాడ లోపలికి రావద్దన్నది పాత కట్టుబాటు. కిన్నెర పట్టుకొని మన పుట్టుక కథ చెప్పేటోడు మన వాకిలి బయట ఆగాలె. ఆ కులం నుంచి వచ్చిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, అదే ఏడు ఆయన గొంతు సినిమాల మోగింది. 2024లో ఆయన కట్టడం పని కాడ కూలి చేస్తున్న ఫోటోలు పేపర్లల్ల వచ్చినయి, నెలనెలా వచ్చే గౌరవ భృతి ఆగిందని ఆయనే చెప్పిండు. అందరం సర్కారును తిట్టినం. తిట్టాల్సిందే. కాని మన జయంతి స్టేజీల మీదికి కిన్నెరను ఎన్నిసార్లు పిలిచినం? మా వాడల నాకు తెలిసి ఒక్కసారి కూడ పిలవలేదు. అగ్రకులాల గేటును చూసే కన్నుతోని దీన్నీ చూడకపోతే మన విమర్శ సగమే.

పోయినేడు అదే పట్టణ ఉత్సవంవాళ్ళు మళ్ళ వచ్చిండ్రు. ఈసారి పెద్దనాయన షరతు పెట్టిండు. ఆ షరతులో నా చెయ్యి కొంత ఉన్నదని ఒప్పుకుంట. గేటు కాడ కొట్టం, స్టేజీ మీద అర్ధగంట కావాలె, ఏ దరువు ఏందో మైకుల చెప్పి కొడతం, మా పిల్లలు ముందు వరుసల కూసుంటరు. చాలా సేపు మాట్లాడుకున్నంక ఒప్పుకున్నరు, ఒక్కటి తప్ప. సావు దరువు వద్దన్నరు. "పండుగ పూట, అందరూ పిల్లలతోని వస్తరు, అపశకునం గదా పెద్దమనిషీ" అన్నడు ఆ వచ్చినాయన, మర్యాదగనే.

ఉత్సవాల సంస్కృతి అసలు రంగు నాకు ఇక్కడ కనబడ్డది. వాళ్ళకు కావాల్సింది డప్పు, దాన్ని చేసిన బతుకు కాదు. ఊరి సావులన్నీ మోసిన దరువు అది. ఎవరింట్ల పీనుగ లేచినా మావోళ్ళు చలిల, వానల ముందట నడిచి కొట్టిన దరువు. జట్టుల అందరికంటే పట్టు కావాల్సింది కూడ దానికే, నెమ్మదిగ నడుస్తది కాబట్టి తప్పు దాగదు. తమాషా ఏందంటే, ఆ దరువును మా పిల్లలు ముప్పై ఏండ్ల కింద కొట్టమన్నరు, ఊరు కూలి బందు పెట్టింది. ఇప్పుడు స్టేజీ మీద కొడతమంటే వద్దంటున్నరు. చాకిరిగ కొడితే శుభం, కళగ కొడితే అపశకునం! పెద్దనాయన ఎక్కువ మాట్లాడలేదు. "సావు దరువు తీసేస్తే డప్పుల ఏమున్నది సారూ, మీ సావులకు మేం రాలేదా?" అన్నడు. ఆయన లేచి పోయిండు.

ఆ ఏప్రిల్ 14న నాయకుడు రాకముందే, ఐదు గంటలకు, విగ్రహం ముందట మంట పెట్టి పెద్దనాయన పిల్లలను చుట్టూ కూసోబెట్టుకున్నడు. కమిటీల ఒకరిద్దరు గులిగిండ్రు. అన్ని దరువులూ కొట్టిండు, సావు దరువు కూడ. ఏ దరువు ఎప్పుడు కొట్టేది, ఎందుకు ఆపింది, ఆపినందుకు ఎవరు పస్తులున్నరు అన్నీ చెప్పిండు. మనుమరాలు చిర్ర అడిగింది. ఆడపిల్లకు డప్పేందని వాళ్ళ నానమ్మనే అడ్డం పడ్డది, ఆ పంచాయితీ ఇంట్ల ఇంకా తెగలేదు. పిల్ల మాత్రం సాయంత్రం పూట నేర్చుకుంటున్నది.

ఈ ఏడు ఉత్సవంవాళ్ళు మా ఊరికి రాలేదు. పక్క మండలం నుంచి ఇంకో జట్టును తెచ్చుకున్నరు, గేటు కాడికి.